పాత బట్టలు: సమస్య మీ బద్ధకం కాదు, డిజైన్!

వేసుకోని బట్టలు బీరువాలో ఎందుకు పేరుకుపోతాయి? మన బద్ధకం అనుకుంటాం. నేనైతే డిజైన్ లోపం అంటాను.

పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చేవాళ్లని చూడండి. గుమ్మం దగ్గరికే వస్తారు, బేరం అక్కడే, గిన్నె వెంటనే చేతికి. ఏ యాప్‌కైనా ఇంతకంటే ఏం కావాలి?

మరి ఇల్లు దాటాక? పానిపట్‌లో పాత ఉన్ని బట్టల్ని రంగులవారీగా వేరుచేసి, జిప్పులు, గుండీలు తీసేసి, పీచుగా చింపి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. అదే కాటన్, పాలిస్టర్ కలిపి నేసిన చొక్కా అయితే, ఆ రెండింటినీ విడదీయడం చాలా కష్టం. జీన్స్‌లో సాగడానికి కలిపే ఎలాస్టేన్‌తోనూ ఇదే తంటా.

అంటే బట్ట చివరికి ఏమవుతుందో దాన్ని డిజైన్ చేసిన రోజే సగం తేలిపోతుంది. సో, ఈసారి కొనేముందు ధరతో పాటు లోపలి లేబుల్ కూడా చదవండి. 100% ఒకే రకం నూలైతే బెస్ట్!