ఆజ్ఞ వెంట ఉప ఆజ్ఞలు

పచారీ దుకాణమునకు పోవు పిల్లవాని చేతికి మనము చీటీ ఇత్తుము. "బెల్లము, కందిపప్పు రెండు కిలోలు, ఉప్పు" అని ఒకే వరుసలో వ్రాయుదుము. కొన్నిటికి పరిమాణముండును, కొన్నిటికి ఉండదు. పిల్లవాడు కామా ఉన్నచోటనెల్ల ఆగి, ఏ వస్తువున కా వస్తువును విడదీసికొనును. కంప్యూటరునకు మీటలు నొక్కి ఇచ్చు ఆజ్ఞల వెంట గూడ ఇట్టి చీటీలు కలవు.

యూనిక్సు, లైనక్సు యంత్రములలో ఒక డిస్కును వాడుకలోనికి తెచ్చుటకు 'మౌంట్' అను ఆజ్ఞ ఉన్నది. దాని వెంట '-ఓ' అను ఆప్షనును, దాని వెనుక 'ఆర్ఓ,ఆర్‌సైజ్=8192' వంటి మాటలను చేర్చుదురు. ఈ వెనుకటి మాటలే ఉప ఆప్షనులు. 'ఆర్ఓ' అనగా చదువుటకు మాత్రమే, వ్రాయరాదు అని అర్థము. పాడగుచున్న డిస్కునుండి ఇంటివారి ఫోటోలను రక్షించుకొనదలచినవారికి ఈ రెండక్షరములే కావలి. 'ఆర్‌సైజ్' అనునది వేరొక యంత్రమందలి డిస్కును దూరమునుండి వాడునపుడు ఒక్క దఫాకు ఎన్ని బైట్లు చదువవచ్చునో తెలుపును.

సీ భాషలో వ్రాసిన ప్రోగ్రాము ఈ చీటీని చదువుటకు 'గెట్‌సబాప్ట్' అను ఫంక్షన్ కలదు. (మైకు ముందు ఈ పేరు పలుకుటకు మేమును తడబడితిమి.) ఇది సీ భాషా ప్రమాణములోనిది కాదు, 2001 నాటి పోసిక్స్ ప్రమాణములో చేరియున్నది. దీనికి మూడు ఇయ్యవలెను: చీటీలో ఎచట చదువుచున్నామో తెలుపు సూచిక యొక్క చిరునామా, మన మెరిగిన పేర్ల పట్టిక, విలువ దొరికినచో దాని జాడ ఉంచుటకు ఒక చోటు. పిలిచిన ప్రతిసారి అది ఒక్క మాటను తీసి, పట్టికలో దాని వరుససంఖ్యను సున్న మొదలుకొని లెక్కించి తెలుపును. పట్టిక చివర శూన్యసూచిక నుంచుట మరువరాదు. అది లేనిచో ఫంక్షనునకు ఆగవలసిన చోటు తెలియదు.

పట్టికలో లేని మాట తగిలినచో -1 వచ్చును. అసలు ప్రమాద మిచటనే. 'ఆర్ఓ' లోని ఓ అక్షరమునకు బదులు ఎవరో సున్న నొక్కిరనుకొందము. ఆ -1ని లక్ష్యపెట్టక ముందుకు సాగు ప్రోగ్రాము డిస్కును వ్రాతకు తెరచును. కావలి లేదని యజమానికి తెలియనే తెలియదు. కావున -1 వచ్చినంతనే పని నిలిపి, తప్పు మాట ఏదో చెప్పవలెను. లైనక్సునందు ఆ మాట యావత్తు విలువ చోటనే దొరకును గనుక, చెప్పకపోవుటకు సాకు లేదు.

ఫంక్షను విడదీయునే గాని తీర్పు చెప్పదు. 'ఆర్‌సైజ్' అని మాత్రమే వ్రాసి విలువ ఇయ్యనిచో విలువ చోట శూన్యసూచిక యుండును. చూచుకొనక దానిని సంఖ్యగా మార్చబోయిన ప్రోగ్రాము కూలును. సమాన చిహ్నము పెట్టి ఏమియు వ్రాయనిచో వచ్చునది ఖాళీ మాట. ఈ రెండును వేరు. చదువుట మాత్రమే యనియు, వ్రాయవచ్చుననియు ఒకే చీటీలో ఉన్నను అది అభ్యంతరపెట్టదు. విలువలోపల కామా ఉండుటకు మాత్రము వీలులేదు, అచటనే తెగిపోవును.

తెగుట యని ఊరక అనలేదు. ఈ ఫంక్షను చదువుచు కామాలను చెరిపి, వాని స్థానమున మాట ముగిసినదను శూన్యాక్షరము నుంచును. పిల్లవాడు చీటీని కత్తెరతో కత్తిరించుకొనుచు పోయినట్లే. తరువాత మొత్తము చీటీని మరల చూపబోయినచో మొదటి ముక్కయే కనబడును. అందుచేత ముందుగా నకలు తీసికొని, కత్తెరను నకలుపైననే ఆడింపవలెను. నకలు మొదటి చిరునామాను వేరుగ దాచుకొనవలెను, ఏలనన పని ముగియునప్పటికి సూచిక చివరకు జరిగిపోయి యుండును. దొరకిన విలువలును ఆ నకలులోనివే గనుక, వాని అవసరము తీరువరకు నకలును విడువరాదు.