రాత్రివేళ భవనాల దీపాలంకరణ: అందం, పొదుపు, భద్రత

(ప్రత్యేక వ్యాసం)

పగటివేళ సూర్యకాంతిలో ఎవరి ప్రమేయమూ లేకుండానే తన రూపాన్ని చాటుకునే కట్టడం, చీకటి పడిన తరువాత పూర్తిగా మనం అమర్చిన దీపాలపైనే ఆధారపడుతుంది. సూర్యుడు పైనుంచి వెలుగునిస్తాడు. భవనాలకు అమర్చే దీపాలు మాత్రం చాలావరకు కిందినుంచి పైకి వెలుగునిస్తాయి. అందువల్ల పగలు నీడలో ఉండే చూరు అడుగుభాగం రాత్రివేళ ప్రకాశిస్తుంది, పగలు మెరిసే పైఅంచు చీకట్లో కలిసిపోతుంది. ఈ తారతమ్యాన్ని గుర్తించి, వెలుగునూ నీడనూ తగినపాళ్లలో కూర్చడమే భవన ముఖభాగాల దీపాలంకరణలోని కీలకాంశం.

ఒకప్పుడు ఈ అలంకరణ రాజధాని నగరానికి, పెద్ద పుణ్యక్షేత్రాలకు మాత్రమే పరిమితం. గోల్కొండ కోటలో 1993లో ప్రారంభమైన ధ్వని, కాంతి ప్రదర్శన, రాత్రివేళ చార్మినార్‌పై ప్రసరించే వెలుగు, 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెనపై రంగుల కాంతులు, 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ సచివాలయ భవనం ఇందుకు ఉదాహరణలు. ఎల్.ఇ.డి. దీపాల ధరలు తగ్గిన తరువాత ఈ అలంకరణ జిల్లా, మండల కేంద్రాలకు కూడా చేరువైంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఆవిర్భావంతో మండల కేంద్రమైన రామారెడ్డి వంటి చోట్ల కూడా గణతంత్ర దినోత్సవం, రాష్ట్ర అవతరణ దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం, ఆలయ ఉత్సవాల సందర్భంగా భవనాలను దీపాలతో అలంకరించవలసిన అవసరం ఏర్పడుతున్నది. ఆ సందర్భంలో వెచ్చించే ప్రజాధనం సద్వినియోగం కావాలన్నా, ప్రాణాపాయం కలుగకుండా ఉండాలన్నా కొన్ని మౌలిక విషయాలను అధికారులు, పాత్రికేయులు తెలుసుకొని ఉండటం అవసరం.

ముందుగా గోడను పరిశీలించాలి

కంటికి కనిపించేది దీపంనుంచి బయలుదేరిన వెలుగు కాదు, గోడపై పడి తిరిగివచ్చిన వెలుగు. సున్నం వేసిన తెల్లని గోడ తనపై పడిన కాంతిలో అధికభాగాన్ని తిరిగి పంపుతుంది. నల్లరాతి గోడ అధికభాగాన్ని తనలోనే ఇముడ్చుకుంటుంది. కనుక ఒకే దీపం పంచాయతీ కార్యాలయపు తెల్లగోడపై కళ్లు మిరుమిట్లు గొలిపితే, రాతి గోపురంపై మసకగా కనిపిస్తుంది.

అంతర్జాతీయ ప్రదీపన సంఘం మార్గదర్శకాలలోని అంకెలు ఈ తేడాను స్పష్టం చేస్తాయి. పరిసరాలు చీకటిగా ఉండే గ్రామీణ ప్రాంతంలో తెల్లని ఉపరితలానికి సుమారు 20 లక్స్ వెలుగు సరిపోతుంది. ముదురు రంగు రాతికి సుమారు 100 లక్స్ కావాలి. నగరంలో చుట్టూ వీధిదీపాలు, దుకాణాల వెలుగులు ఉంటాయి కాబట్టి అదే తెల్లగోడకు 60 లక్స్ వరకు అవసరమవుతుంది. నగర భవనానికి తయారుచేసిన అంచనాను మండల కేంద్రంలోని భవనానికి యథాతథంగా వర్తింపజేస్తే, అవసరానికి మూడురెట్ల వెలుగుకు, మూడురెట్ల విద్యుత్తుకు ఖర్చు పెట్టినట్లవుతుంది.

వెలుగు వచ్చే దిశ

దీపాన్ని ఎక్కడ నిలిపినదీ గోడ రూపాన్ని నిర్ణయిస్తుంది. గోడకు ఆనుకొని, ఒక అడుగులోపు దూరంలో దీపాలను నిలిపి పైకి ప్రసరింపజేస్తే, రాతి చెక్కడాల ప్రతి గీతా నీడతో తేలి కనిపిస్తుంది. శిల్పాలున్న ఆలయ గోడలకు, రాతి బురుజులకు ఈ పద్ధతి అనువైనది. అయితే సిమెంటు పూత సమంగా లేని గోడకు ఇదే పద్ధతిని అనుసరిస్తే ప్రతి ఎగుడుదిగుడూ, ప్రతి పగులూ బయటపడుతుంది. అటువంటి గోడకు, దాని ఎత్తులో నాలుగోవంతు నుంచి మూడోవంతు దూరంలో దీపాలను నిలిపి వెలుగును సమంగా పరచడం మేలు. 8 మీటర్ల ఎత్తయిన గోడకు రెండు మీటర్లకు పైబడిన దూరం అన్నమాట.

ఒకే వరుసలో ఎదురుగా నిలిపిన శక్తిమంతమైన ఫ్లడ్‌లైట్లు నీడలన్నిటినీ చెరిపివేస్తాయి. నీడ లేనిచోట లోతు తెలియదు. స్తంభాల వసారా గల భవనం కూడా చదునైన అట్టబొమ్మవలె కనిపిస్తుంది. స్తంభాల వెనుక గోడకు కొంత వెలుగునిచ్చి, స్తంభాలను నీడగా వదిలితే అదే భవనం నిండుగా దర్శనమిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దీపపు ముఖం రహదారివైపు ఉండరాదు. వాహన చోదకుని కంట్లో పడే వెలుగు అలంకారం కాదు, ప్రమాదహేతువు.

రంగు విషయంలో సంయమనం

వెలుగు రంగును కెల్విన్ అనే కొలమానంలో చెబుతారు. 2700 నుంచి 3000 కెల్విన్ల వెలుగు నూనెదీపపు ఛాయను తలపించే పసుపువన్నెలో ఉంటుంది. 6500 కెల్విన్ల వెలుగు నీలిఛాయ కలిసిన తెలుపు. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప ఆలయం ఎర్ర ఇసుకరాతి కట్టడం. అటువంటి రాతికి పసుపువన్నె వెలుగే సహజమైన వర్ణాన్నిస్తుంది, నీలిఛాయ గల తెలుపులో ఎరుపు పాలిపోతుంది. పూర్వం విస్తారంగా వాడిన సోడియం దీపాలు విద్యుత్తును ఆదాచేసినప్పటికీ, తమ పసుపు తప్ప తక్కిన వర్ణాలను సరిగా చూపలేకపోయేవి. నీలికాంతినిచ్చే ఎల్.ఇ.డి. ఆవిష్కరణ తెల్లని ఎల్.ఇ.డి. దీపాలకు మార్గం సుగమం చేసింది. ఆ ఆవిష్కర్తలు ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మారే రంగుల దీపాలు వంతెనలకు, జాతీయ పర్వదినాలకు శోభనిస్తాయి. నిత్యం పూజలందుకునే ఆలయానికి, శతాబ్దాల నాటి కోటకు ప్రతి క్షణం మారే రంగులు వాటి గాంభీర్యానికి లోపం కలిగిస్తాయి. ఒక్క స్థిరమైన వర్ణమే వాటికి శోభాయమానం.

లెక్క ఎంత?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తు గల భవన ముఖభాగం వైశాల్యం 160 చదరపు మీటర్లు. 2007నాటి ఇంధన పొదుపు భవన నియమావళి ముఖభాగపు దీపాలకు చదరపు మీటరుకు 2 వాట్ల పరిమితిని సూచించింది. ఆ లెక్కన ఈ భవనానికి పరిమితి 320 వాట్లు.

తెల్లని గోడయితే 20 లక్స్ చొప్పున గోడపై 3,200 ల్యూమెన్ల వెలుగు పడాలి. దీపంనుంచి వచ్చిన వెలుగులో సుమారు 40 శాతమే గోడను చేరుతుందని, దుమ్ము, కాలక్రమేణా వచ్చే క్షీణత వల్ల మరో 20 శాతం తగ్గుతుందని భావించినా, 10,000 ల్యూమెన్ల దీపాలు సరిపోతాయి. వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చే ఎల్.ఇ.డి. దీపాలతో ఇది 100 వాట్లు మాత్రమే. నల్లరాతి గోడయితే, ఇదే లెక్క ప్రకారం 500 వాట్లు కావాలి. అంటే పరిమితి దాటిపోతుంది. అప్పుడు చేయవలసిన పని ముఖద్వారం, స్తంభాలు, శిఖరం వంటి ముఖ్యభాగాలను ఎంచుకొని ఐదింట మూడువంతుల గోడకే వెలుగునివ్వడం. అప్పుడు 300 వాట్లు సరిపోతాయి. మిగిలిన భాగం చీకట్లో ఉండటం లోపం కాదు. వెలిగిన భాగానికి అది నేపథ్యమవుతుంది.

ఇదే భవనానికి పాతపద్ధతిలో నాలుగు 400 వాట్ల మెటల్ హాలైడ్ ఫ్లడ్‌లైట్లు బిగిస్తే, చోకు వాడకంతో కలిపి సుమారు 1,760 వాట్లు ఖర్చవుతుంది. రోజుకు ఐదు గంటల చొప్పున సంవత్సరానికి 3,212 యూనిట్లు. పూర్తిగా 320 వాట్లు వాడినా అదే కాలానికి అయ్యేది 584 యూనిట్లు. వ్యత్యాసం 2,628 యూనిట్లు. ఈ భారం ఒక్కరోజు ప్రారంభోత్సవంతో ముగిసేది కాదు, ప్రతి నెలా కార్యాలయపు విద్యుత్ బిల్లులో కనిపించేది.

ప్రాచీన కట్టడాల విషయంలో జాగ్రత్తలు

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో మెరిట్ అవార్డు లభించింది. ఇటువంటి కట్టడాలున్న జిల్లాలో దీపాల కోసం గోడలకు రంధ్రాలు వేయడం తగని పని. డంగు సున్నపు పూతలో దిగిన మేకు చుట్టూ నీరు చేరి, తుప్పు ఉబ్బి, పూత పగులుతుంది. 2019 మే నెలలో చార్మినార్ మీనారునుంచి సున్నపు అలంకరణ భాగమొకటి ఊడిపడిన సంఘటన, ఆ పనితనం ఎంత సున్నితమైనదో అందరికీ తెలియజెప్పింది. కావున దీపాలను కట్టడానికి దూరంగా నేలమీద లేదా విడి స్తంభాలపై నిలపాలి. తీగలను గోడవెంట కాక భూగర్భ గొట్టాలలో నడపాలి. ఎప్పుడైనా తొలగించదలిస్తే కట్టడంపై ఆనవాలు మిగలరాదు. కేంద్ర రక్షిత కట్టడమైతే భారత పురావస్తు సర్వేక్షణ, రాష్ట్ర రక్షిత కట్టడమైతే రాష్ట్ర వారసత్వ శాఖ అనుమతి లేనిదే పని ప్రారంభించరాదు.

ప్రాణరక్షణే ప్రథమ నియమం

2022 జూలైలో కామారెడ్డి పట్టణంలో వర్షాల సమయాన, బట్టలు ఆరవేసే తీగకు విద్యుత్తు ప్రసరించి ఒకే కుటుంబానికి చెందిన నలుగురు దుర్మరణం చెందారు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి రథయాత్రలో విద్యుదాఘాతానికి ఐదుగురు బలయ్యారు. మొదటిది ఇంటి ముంగిట, రెండవది వేడుకలో జరిగినప్పటికీ, లోహం, తడి, రక్షణలేని విద్యుత్తు ఒకచోట చేరితే ఏమవుతుందో రెండూ చాటుతున్నాయి. భవన దీపాలంకరణలో ఈ మూడూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. ఇనుప కమ్ములకు చుట్టిన సీరియల్ బల్బులు, టేపుతో అతికిన అతుకులు, వర్షపు నీరు నిలిచిన ఆవరణ మనకు సుపరిచితమైన దృశ్యాలే.

అందువల్ల బయటి దీపాల సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల వద్ద విద్యుత్తును తక్షణం నిలిపివేసే ఆర్.సి.సి.బి. తప్పనిసరిగా అమర్చాలి. లోహపు భాగాలన్నిటికీ ఎర్తింగ్ కల్పించాలి. దుమ్ము, వర్షపు ధార చొరబడని ఐ.పి. 65 ప్రమాణం గల దీపాలనే వాడాలి. భక్తులు, పిల్లలు చేతితో తాకగల ఎత్తులో 24 వోల్టుల వంటి తక్కువ వోల్టేజీ దీపాలు శ్రేయస్కరం. తాత్కాలిక అలంకరణకు సైతం విద్యుత్ పంపిణీ సంస్థనుంచి అధికారికంగా సరఫరా పొందాలి గాని, స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించరాదు. తలపైనుంచి విద్యుత్ తీగలు వెళ్లేచోట తోరణాలు కట్టరాదు.

రామారెడ్డి సమీపంలోని ఇసన్నపల్లి కాలభైరవస్వామి ఆలయాన్నే తీసుకుంటే, కాలభైరవ జయంతి కార్తీక బహుళ అష్టమినాడు వస్తుంది. బహుళ అష్టమినాడు చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి గాని ఉదయించడు. సాయంకాలంనుంచి అప్పటివరకు భక్తులకు వెన్నెల తోడుండదు. కనుక అటువంటి ఉత్సవాలలో మొదటి దీపం నడకదారికి, మెట్లకు, నీటి కుళాయిల వద్దకు చేరాలి. గోపురానికి వెలుగు ఆ తరువాతి మాట. గోపురాన్ని మిక్కిలి ప్రకాశవంతం చేసి దారిని విస్మరిస్తే, ఆ తేజస్సుకు అలవాటుపడిన కంటికి కిందిమెట్టు మరింత చీకటిగా తోస్తుంది.

ఆర్పవలసిన వేళ

వెలిగించడం ఎంత ముఖ్యమో సకాలంలో ఆర్పడం అంతే ముఖ్యం. ఫ్రాన్సులో 2013 జూలై 1నుంచి నివాసేతర భవనాల ముఖభాగపు దీపాలను రాత్రి ఒంటిగంటలోగా ఆర్పివేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. 2022లో ఇంధన సంక్షోభం దృష్ట్యా పారిస్ నగరపు ఈఫిల్ టవర్ దీపాలను సైతం రాత్రి 11.45కే ఆర్పాలని నిర్ణయించారు. రాత్రి పదకొండు దాటాక చూసేవారే ఉండని మండల కేంద్రంలో తెల్లవార్లూ భవనం వెలగడంలో అర్థం లేదు. ఒక సాధారణ టైమర్ ఈ పనిని మనిషి ప్రమేయం లేకుండా చేస్తుంది.

జీవజాలం మాట కూడా విస్మరింపరానిది. పోచారం అభయారణ్యం గల ఈ ప్రాంతంలో రాత్రివేళ సంచరించే పక్షులు, గబ్బిలాలు, పురుగులు చీకటిని ఆశ్రయించి బతికే ప్రాణులు. ఆకాశంలోకి పోయే కాంతి ఎవరికీ ఉపయోగపడదు, వాటికి మాత్రం చేటు చేస్తుంది. దీపపు వెలుగు గోడ అంచుదాటి పోకుండా కప్పు అమర్చడం, పసుపువన్నె దీపాలు వాడటం ఇందుకు పరిష్కారాలు.

పరిశీలించవలసిన అంశాలు

దీపాలంకరణ పనులను మంజూరు చేసే అధికారులు, వాటిపై వార్తలు రాసే పాత్రికేయులు ఈ కింది ప్రశ్నలకు సమాధానం రాబట్టడం సముచితం:

* గోడ రంగు, వైశాల్యం ఆధారంగా వెలుగు లెక్క వేశారా, లేక దీపాల సంఖ్యను మాత్రమే పేర్కొన్నారా?
* శాశ్వతంగా బిగించే ముందు ఒకరాత్రి నమూనా దీపాలను వెలిగించి చూశారా?
* ఆర్.సి.సి.బి., ఎర్తింగ్ పరీక్ష నివేదిక ఉన్నదా?
* నెలవారీ విద్యుత్ బిల్లు ఏ పద్దునుంచి చెల్లిస్తారు? దీపాలు ఆరే వేళ ఎప్పుడు?
* ఐదేళ్లపాటు మరమ్మతుల బాధ్యత ఎవరిది?

చివరి ప్రశ్న అత్యంత కీలకమైనది. ఎల్.ఇ.డి. దీపం 50,000 గంటలు వెలుగుతుందని తయారీదారులు ప్రకటిస్తారు. రోజుకు ఐదు గంటల చొప్పున ఇది సుమారు 27 ఏళ్లు. కాని ఆచరణలో ముందుగా చెడిపోయేది దీపం కాదు, దానికి విద్యుత్తునందించే డ్రైవర్ అనే పరికరం. పిడుగులు, వోల్టేజీ హెచ్చుతగ్గులు దానిని దెబ్బతీస్తాయి. సర్జ్ రక్షణ పరికరం, విడిభాగాల నిల్వ, స్థానికంగా లభించే ఎలక్ట్రీషియన్ అనే మూడింటినీ అంచనాలో చేర్చని పక్షంలో, రెండు వర్షాకాలాలు గడిచేసరికి సగం దీపాలు ఆరిపోతాయి. సగం వెలిగిన భవనం, అసలు వెలగని భవనంకంటె దీనంగా కనిపిస్తుంది.

గోడను గుర్తెరిగి, తక్కువ వెలుగుతో, తగిన దిశనుంచి, భద్రంగా వెలిగించి, వేళకు ఆర్పివేసే ఏర్పాటుకు పెద్ద నిధులు అక్కరలేదు. అంచనా తయారీ దశలోనే ఈ విషయాలపై శ్రద్ధ వహిస్తే, మండల కేంద్రంలోని సామాన్య కార్యాలయ భవనం సైతం రాత్రివేళ ప్రజలకు ఆత్మీయంగా, హుందాగా దర్శనమిస్తుంది.