గిటారు కుండ పెట్టెలో ఉంది

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా మనవరాలు తన గిటారు ఆంప్లిని రెండు చేతులా మోసుకొచ్చి నా మంచం పక్కన దించింది. "తాతయ్యా, లావు తీగ మీటితే చాలు, లోపల ఇసుక పోసినట్టు గరగరమంటోంది. కాస్త చూడవూ" అంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 15 వాట్ల వాల్వు ఆంప్లి అది. వెనకవైపు సగం తెరిచే ఉంటుంది. అందులో 12 అంగుళాల స్పీకరు ఒక్కటే.

ముందు ప్లగ్గు పీకించాను. పిల్లలూ, మీరూ గుర్తుపెట్టుకోండి. వాల్వు ఆంప్లిలో కండెన్సర్లు ప్లగ్గు తీశాక కూడా వందల వోల్టులు దాచుకుని ఉంటాయి. అందుకే పైనున్న ఛాసిస్ జోలికి మేం పోలేదు. స్పీకరుకు వచ్చే రెండు వైర్లు, నాలుగు మరలు, అంతే మా పని. కోను మీద రెండు బొటనవేళ్లూ ఎదురెదురుగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కమన్నాను. ఏదో గీసుకుంటున్నట్టు వేళ్లకే తెలిసింది.

"ఏమిటది తాతయ్యా?"

"కాయిలు అయస్కాంతానికి రాసుకుంటోందమ్మా."

స్పీకరు వెనకాల బరువైన అయస్కాంతం ఉంటుంది. దాని నడుమ గుండ్రటి సన్నని సందు. ఆ సందులో ఏ పక్కా తగలకుండా, రాగి తీగ చుట్టిన చిన్న గొట్టం వేలాడుతుంది. ఆ చుట్టే కాయిలు. ఆ గొట్టానికి కాగితపు కోను అతికించి ఉంటుంది. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే గొట్టం ముందుకీ వెనక్కీ ఆడుతుంది, దానితో పాటు కోనూ ఆడి గాలిని తోస్తుంది. గిటారు లావు తీగకైతే సెకనుకు 82 సార్లు, అంటే 82 హెర్ట్జ్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో ఈ అమరికను పరిశోధన వ్యాసంగా ప్రకటించారు. నూరేళ్లయినా మూలరూపం అదే. సందు వెడల్పు గొట్టానికి అటూ ఇటూ మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి, కాయిలు వేడెక్కి వంకర పోయినా, పెట్టె కిందపడి గొట్టం ఒరిగినా ఇదిగో ఇలా గరగర మొదలవుతుంది.

"అయితే అదే సైజుది ఇంకోటి తెచ్చి బిగించేద్దాం" అంది. అక్కడే ఆగమన్నాను.

మా ఆవిడ దగ్గర బొబ్బిలి వీణ ఉంది. పనస కర్ర తొలిచి చేసిన కుండ దానిది. తీగ తనంతట తాను చేసే చప్పుడు దోమపాటంత. ఆ ఊపును కుండ అందుకుని గదంతా నింపుతుంది. కుండ మారితే వీణే మారినట్టు. మరి నిండు కర్రతో చేసిన ఎలక్ట్రిక్ గిటారుకు కుండ ఏది? తీగల కింద ఉన్న పికప్ తీగ ఊపును కరెంటుగా మార్చి వైరులోకి పంపుతుంది, అంతవరకే. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతం పలికించిన ఎలక్ట్రిక్ మాండొలిన్ సంగతీ ఇంతే. సభలో జనం పులకరించి విన్న ఆ నాదం చివరికి ఒక స్పీకరు కోను మీదనుంచే గాలిలోకి వచ్చింది. కాబట్టి గిటారుకు కుండ ఆ పెట్టెలో ఉంది. మనం మార్చబోయేది పాడైన సామాను కాదు, వాయిద్యంలో సగం.

పాటలు వినే స్పీకరు వేరు, గిటారు స్పీకరు వేరు. మొదటిదానికి తన సొంత గొంతు ఉండకూడదు, వచ్చిందాన్ని వచ్చినట్టు పలకాలి. రెండోదానికి సొంత గొంతు ఉండి తీరాలి. మంద్ర స్వరాలకు కాగితపు కోను మొత్తం ఒక్క ముక్కలా కదులుతుంది. స్వరం పైకి వెళ్లేకొద్దీ అలా కదల్లేక, ఒక చోట ముందుకూ ఒక చోట వెనక్కూ, పళ్లెంలో నీళ్లు అదిరినట్టు అదురుతుంది. కాగితం మందం, అంచుల మడతలు, నడుమ మూత, వాడిన జిగురు, అన్నిటినిబట్టీ ఆ అదురు మారుతుంది. ఒక స్పీకరు ఖంగుమనడం, ఒకటి గొంతు తగ్గించి మాట్లాడినట్టుండడం అక్కడినుంచే వస్తాయి.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. 12 అంగుళాల గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటితే పలకడం మానేస్తుంది. చూడ్డానికి లోపంలా ఉంటుంది గానీ, ఆంప్లిని గట్టిగా తోసి వాయించేటప్పుడు ఆ పైన పుట్టేదంతా తాలింపులో ఆవాలు చిటపటలాడే రొద. కోను దాన్ని జల్లెడలా ఆపేసి గింజల్ని మాత్రం వదులుతుంది. అదే ధ్వనిని స్పీకరు దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోనులో వింటే చెవిలో కందిరీగ దూరినట్టుంటుంది.

1964లో లండన్ కుర్రాడు డేవ్ డేవీస్, కింక్స్ బృందంలో గిటారు వాయించేవాడు, తన చిన్న ఆంప్లి కోనును బ్లేడుతో కోశాడు. చిరిగిన కాగితం గుర్రుమన్న ఆ ధ్వనితోనే 'యూ రియల్లీ గాట్ మీ' పాట లోకమంతా మోగింది. మనవరాలు వెంటనే కత్తెర కోసం చూసింది. వద్దులే తల్లీ అన్నాను.

కొత్తదాన్ని ఎంచేటప్పుడు చూడాల్సినవి రెండు అంకెలు. మొదటిది ఓములు. పాతదాని మీద 8 అని రాసుంది, మీటరు పెడితే 6.4 చూపించింది. "తప్పు రాశారా?" అంది. తప్పు కాదు. మీటరు పంపేది ఒకే దిక్కుకు పోయే కరెంటు, అది కొలిచేది రాగి తీగ అడ్డును మాత్రమే. అటూ ఇటూ మారే కరెంటుకు కాయిలు ఇంకా ఎక్కువగా ఎదురు తిరుగుతుంది, అదీ ఒక్కో స్వరానికి ఒక్కోలా. 8 అనేది పెట్టుకున్న గుర్తు. వాల్వు ఆంప్లిలో ట్రాన్స్‌ఫార్మరును ఆ గుర్తు ప్రకారమే చుడతారు, అందుకే 8 చోట 8 పడాలి. అసలు స్పీకరే తగిలించకుండా వాల్వు ఆంప్లి వాయించారా, పోయే దారి లేక ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి ఎగిసి లోపలి ఇన్సులేషన్ కాలిపోగలదు. రెండో అంకె వాట్లు. 15 వాట్ల ఆంప్లి పూర్తిగా తిప్పితే 15 దాటి ఇస్తుంది, రెట్టింపు తట్టుకునే స్పీకరైతే నిశ్చింత.

అయస్కాంతం దగ్గర మాత్రం పేర్లు చూసి మోసపోకూడదు. ఇనుముతో అల్యూమినియం, నికెలు, కోబాల్టు కలిపినదాన్ని ఆల్నికో అంటారు. బీటిల్స్ వాడిన వాక్స్ ఆంప్లిల్లోని నీలిరంగు సెలెస్టియన్ స్పీకర్లవి అవే. కోబాల్టు ఖరీదు. అందుకే 1960ల నుంచి ఫెర్రైటు అయస్కాంతాలు ఎక్కువయ్యాయి. మార్షల్ పెట్టెల్లో పేరు తెచ్చుకున్న 'గ్రీన్‌బ్యాక్' అలాంటిదే. ఆల్నికో అంటే తీపి, ఫెర్రైటు అంటే కరుకు అని అందరూ చెప్పేస్తారు. నా మట్టుకు నేను, గొంతులో పెద్ద వాటా కోనుదే అంటాను.

మా దగ్గరికి రెండు స్పీకర్లు చేరాయి. కొత్తగా కొన్న ఫెర్రైటుది ఒకటి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేసే మాట మీద. ఆమె గిటారు మాస్టారు ఎరువిచ్చిన ఆల్నికో ఇంకొకటి. మొదటిదాని మీద 100 డెసిబెల్స్, రెండోదాని మీద 97. మూడే కదా అనిపిస్తుంది. మూడు డెసిబెల్స్ ఎక్కువంటే ఆంప్లి వాట్లు రెట్టింపైనట్టు. రెండూ వాయించి చూడగానే "మొదటిదే బాగుంది తాతయ్యా, బేస్ కూడా నిండుగా ఉంది" అంది. నిండుదనం స్పీకరుది కాకపోవచ్చు తల్లీ, మన చెవిది. చప్పుడు తగ్గితే చెవికి మంద్రమే ముందు వినబడకుండా పోతుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. ఫోనులో ధ్వని కొలిచే యాప్ పెట్టి, ఒకే చోట ఉంచి, రెండింటి చప్పుడూ సమానం చేశాం.

తర్వాత పెట్టెను నేలమీదనుంచి ఎత్తి బల్ల మీద పెట్టాం. 82 హెర్ట్జ్ అల పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, 3,000 హెర్ట్జ్ అలది పదకొండు సెంటీమీటర్లు. ముప్ఫై సెంటీమీటర్ల కోనునుంచి పొడవు అలలు అన్ని పక్కలకూ పరుచుకుపోతాయి, పొట్టి అలలు టార్చిలైటులా తిన్నగా పోతాయి. పెట్టె నేలమీదుంటే ఆ టార్చి మోకాళ్ల మీద పడుతుంది. పైనున్న చెవికి మొద్దుగా ఉందని ట్రెబుల్ పెంచుతాం, ఎదురుగా కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటారు.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. చేతివేళ్లు చెవి మాట వింటాయి. ధ్వని కరుగ్గా ఉంటే వేళ్లు తెలియకుండానే మెత్తబడతాయి. అందుకని ఆమె వాయించినదాన్ని ఒకసారి రికార్డు చేసి, అదే ముక్కను రెండు స్పీకర్లలోకీ పంపాం. వంటింట్లోంచి మా ఆవిడను పిలిచి, వీపు ఇటు తిప్పి కూర్చోమన్నాను. ఏది ఏదో చెప్పలేదు. మూడుసార్లు వరస మార్చి వినిపిస్తే మూడుసార్లూ ఆల్నికోనే ఎంచింది. "ఇంకోటి పళ్లమీద కొట్టినట్టుంది. ఇందులో మీటు వినబడ్డాక నాదం సాగుతోంది" అంది. మనవరాలు మాస్టారికి ఫోను చేసి, దాన్ని తనకే అమ్మమని బతిమాలుకుంది. ఫెర్రైటు చెడ్డదని నేననను, కొత్తది బిగువుగా ఉంటుంది, వాయించేకొద్దీ కాస్త వదులవుతుంది. కానీ ఆమెకు కావలసిన గొంతు దొరికింది.

మరలు ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా బిగించాం, చట్రం వంకర పోకుండా. వైర్లు తగిలించి, లావు తీగ మీటింది. శుభ్రంగా పలికింది. రెండో తీగ మీటేసరికి మళ్లీ గర్రుమంది. పాపం, మనవరాలి మొహం వాడిపోయింది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, గూట్లో ఉన్న స్టీలు గ్లాసు మీద వేలు పెట్టాను. "ఇప్పుడు మీటు" అన్నాను. గర్రు లేదు. వేలు తీస్తే మళ్లీ వచ్చింది. ఆ తీగ శ్రుతి, ఆ గ్లాసు శ్రుతి ఒక్కటే. మా ఆవిడ గ్లాసు తీసుకుని కాఫీ కలపడానికి వెళ్లింది. మనవరాలు అదే తీగను మళ్లీ మళ్లీ మీటుతూ గదిలో ఇంకా ఏమేం పలుకుతాయో వెతుకుతోంది.