తక్కువ ఖర్చుతో నిండైన దుస్తులు

చదువు నిమిత్తం పట్నం చేరిన మన పిల్లలకు ఇంటి నుంచి అందే సొమ్ము భోజనానికీ, పుస్తకాలకూ సరిపోవడమే గగనం. అయినా తోటివారి ముందు చిన్నబోతామన్న బెంగతో కడుపు కట్టుకొని బట్టలు కొనేవారున్నారు. కాస్త ఆలోచనతో కొంటే ఆ అవసరం రాదు.

ఒకదానికొకటి నప్పే రంగుల్లో 3 కుర్తాలు, 2 సల్వార్లు, 2 దుపట్టాలు ఉంటే 12 రకాలుగా జతపరచవచ్చు. అబ్బాయిలకు 4 చొక్కాలు, 2 ప్యాంట్లతో 8 జతలు కుదురుతాయి.

ధరను తొడిగే రోజులతో భాగించి చూద్దాం. 1,200 రూపాయల జరీ దుస్తులను రెండుసార్లే తొడిగితే ఒక్కోసారికి 600 రూపాయలు పడుతుంది. 600 రూపాయల నూలు కుర్తాను 60 సార్లు తొడిగితే 10 రూపాయలే.

హైదరాబాద్‌లో చదివేవారు పత్తర్‌గట్టీ దుకాణాల్లో బట్ట కొని కుట్టించుకోవచ్చు. నూలు బట్టను ముందుగా నీటిలో నానబెట్టి ఆరబెట్టాలి. లేకుంటే కుట్టించాక కురచవుతుంది. కుట్టు లోపల కొంత బట్ట వదలమని దర్జీకి చెబితే, బిగుతైనప్పుడు వదులు చేయించుకోవచ్చు. ముదురు రంగు బట్టలను విడిగా ఉతికి, తిరగేసి నీడన ఆరేస్తే త్వరగా వెలిసిపోవు. ఊడిన గుండీ కుట్టుకోవడం అమ్మాయిలతో పాటు అబ్బాయిలకూ రావాలి.

శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, ఒంటికి అమరిన దుస్తులు పాతవైనా హుందాగానే ఉంటాయి. వచ్చే ఈద్‌కు కుట్టించే జతను కళాశాలకు కూడా తొడుక్కునేలా పిల్లలతో కలిసి ఎంచుకుందాం.