వసంతంలో వలస పక్షుల తిరుగు ప్రయాణం
(ప్రత్యేక వ్యాసం)

సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల ప్రజలకు చేరువలో, విజయవాడ జాతీయ రహదారి వెంబడి గల మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం వసంత ఋతువులో పక్షి వీక్షణకు ఎంతో అనువైనది. మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవానికి గుర్తుగా 1975లో ఏర్పాటైన ఈ వనానికి 1994లో జాతీయ ఉద్యానవన హోదా లభించింది. కృష్ణజింకలకు ఇది ప్రసిద్ధి.

శీతాకాలం గడపడానికి ఉత్తర దేశాల నుండి దక్కను పీఠభూమికి విచ్చేసిన పక్షులు ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు తిరుగుముఖం పడతాయి. రోజీ స్టార్లింగ్ అనబడే గులాబీ గోరింకలు గుంపులుగా మోదుగ, బూరుగ పూలపై వాలి మకరందం గ్రోలి, మధ్య ఆసియా దిశగా సాగిపోతాయి. ప్రయాణానికి ముందు అవి శరీరంలో నిల్వ చేసుకునే కొవ్వే వాటికి ఇంధనం. కావున ఈ వారాలలో మేతకు భంగం కలిగితే సుదీర్ఘ ప్రయాణమే ప్రమాదంలో పడుతుంది.

నీటి పక్షులకు చెరువులే ఆధారం. 1626లో నిర్మితమైన సరూర్‌నగర్ చెరువు వంటి జలాశయాలలో మురుగునీరు, ప్లాస్టిక్ వ్యర్థాలు చేరినచో వాటి ఆహారం కరువవుతుంది. ఒక్క చెరువు చెడినా మార్గమధ్యంలో ఒక మజిలీ తగ్గినట్లే.

వీక్షకులు సూర్యోదయ వేళ బైనాక్యులర్లతో, నిశ్శబ్దంగా, తగినంత దూరం నుండి పరిశీలించడం మేలు. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను రప్పించడం, గూళ్ళను సమీపించడం తగదు. చూసిన జాతి, సంఖ్య, తేదీ, స్థలం నమోదు చేసి ఈబర్డ్ వంటి వేదికలకు అందించినచో, ఏ చెరువును, ఏ చెట్ల వరుసను ముందుగా కాపాడవలెనో అధికారులకు తెలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పక్షులకు రక్షణ కల్పించినప్పటికీ, వాటి ఆవాసాల భద్రత ప్రజల సహకారంపైనే ఆధారపడి ఉంది.