తలపన్ను లెక్క

చైనా వలసపై కెనడా ప్రభుత్వం 1884లో వేసిన రాయల్ కమిషన్ ముందుకు ఒక రైలుకూలీ ఏడాది జమాఖర్చు వచ్చింది. లెక్క చెప్పినవాడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా కాన్సులేట్‌కు చెందిన హువాంగ్ సిక్ చెన్. చైనా కూలీకి నెల జీతం 25 డాలర్లు. చలికాలపు మూడు నెలలు పని ఉండదు కనుక ఏడాదికి 225. అందులో తిండికీ బట్టలకూ 130, అద్దెకు 24, పనిముట్లకూ దారిఖర్చులకూ 10, రోడ్డు పన్ను వగైరాలకు 5, దేవుడి ఖర్చు 5, మందులకు 3, దీపానికీ నీళ్ళకూ పొగాకుకూ 5. ఖర్చు 182 తీసేస్తే మిగిలేది 43 డాలర్లు.

ఊళ్ళో చేసిన ఓడ చార్జీల అప్పు ఆ 43లోంచే తీరాలి. ముసలి తల్లిదండ్రులకూ, పెళ్ళాం పిల్లలకూ ఆ 43లోంచే పంపాలి. 1885లో కెనడా, కొత్తగా వచ్చే దాదాపు ప్రతి చైనీయుడి తలకూ ఒక పన్ను విధించింది. దాని మొత్తం 50 డాలర్లు.

వీళ్ళెందుకు వచ్చారంటే మొదట బంగారం కోసం. 1858లో ఫ్రేజర్ నది ఒడ్డున బంగారం పడిందని తెలిసి కాలిఫోర్నియా నుంచి కొందరు, తర్వాత దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి నేరుగా కొందరు బ్రిటిష్ కొలంబియాకు చేరారు. బంగారం అయిపోయాక పని దొరికింది రైలుదారి మీద. తూర్పు కెనడా నుంచి పసిఫిక్ దాకా పట్టాలు వేస్తామన్న మాట మీదే బ్రిటిష్ కొలంబియా 1871లో కెనడాలో కలిసింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఫ్రేజర్ లోయలో కొండలు పేల్చి సొరంగాలు తవ్వాలి. కాంట్రాక్టరు ఆండ్రూ ఆండర్‌డాంక్‌కు ఆ పనికి సరిపడా మనుషులు దొరకలేదు. 1880 నుంచి 1885 దాకా దాదాపు 15 వేల మంది చైనీయులు ఆ మార్గంలో పనిచేశారు. వాళ్ళు లేకపోతే ఇప్పట్లో రైలు రాదని పార్లమెంటులో ఒప్పుకున్నది ప్రధాని జాన్ ఎ. మక్‌డొనాల్డే. పన్ను చట్టం తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే.

చైనా కూలీకి రోజుకు ఒక డాలరు. అదే మార్గంలో తెల్లకూలీకి ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా. డేరా, వంటసామాను చైనీయులు సొంతంగా కొనుక్కోవాలి. పేలుళ్ళు, విరిగిపడే కొండచరియలు, చలి, కూరగాయలు దొరక్క వచ్చే స్కర్వీ కలిసి కనీసం 600 మందిని తీసుకుపోయాయి. 'కనీసం' అనడానికి కారణముంది. చనిపోయిన చైనీయులను లెక్కరాసే అలవాటు కాంట్రాక్టరుకు లేదు. కొందరు చరిత్రకారుల అంచనా ఇంతకు రెండు మూడింతలు.

1885 నవంబరు 7న క్రెయిగెల్లాకీ దగ్గర చివరి మేకు కొట్టారు. ఆ ఫొటో కెనడా బడిపుస్తకాలన్నింటికీ తెలుసు. టోపీలు, గడ్డాలు, సుత్తి అన్నీ కనిపిస్తాయి, చైనా కూలీ ఒక్కడూ కనిపించడు. తలపన్ను చట్టం అప్పటికే మూడున్నర నెలల ముందు, జులైలో పాసైంది. పని ముగింపుకు రాగానే మనిషి అక్కరలేకపోయాడు.

ఆ చట్టంలో పన్నుతోపాటు ఓడకు కూడా కొలత ఉంది: 50 టన్నుల బరువుకు ఒక చైనీయుడు. మనిషిని సరుకుతో తూచడం ఇంత బాహాటంగా చట్టాల్లో తక్కువ కనిపిస్తుంది.

50 డాలర్లకు రాక ఆగలేదు. 1900లో పన్ను 100 అయింది. అప్పటికీ ఆగలేదు. 1903లో 500 చేశారు. 1884 నాటి లెక్కతో చూస్తే దాదాపు 12 ఏళ్ళ మిగులు. జీతాలు అప్పటికి కొంత పెరిగాయనుకున్నా రెండేళ్ళ సంపాదన. ఆ దెబ్బకు వలస దాదాపు నిలిచిపోయి, చైనా కూలీలకు కరువొచ్చి, కూలి రేట్లు పెరిగాక మళ్ళీ మొదలైంది. అప్పు తెచ్చి 500 కట్టి, సాల్మన్ చేపల కార్ఖానాల్లో, బట్టలుతికే కొట్లలో, హోటళ్ళలో ఏళ్ళ తరబడి ఆ అప్పు తీర్చినవాళ్ళున్నారు. ఇతర దేశాల నుంచి వలస వచ్చినవారెవరికీ ఇలాంటి పన్ను లేదు.

1885 నుంచి 1923 దాకా ఈ పన్ను కట్టినవారు 81 వేలకు పైమాటే. వసూలైన మొత్తం 2.3 కోట్ల డాలర్లు. దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. పసిఫిక్ రైలు కట్టిన కంపెనీకి కెనడా ప్రభుత్వం ఒప్పందం ప్రకారం ఇచ్చిన నగదు 2.5 కోట్ల డాలర్లు, దానికి తోడు 2.5 కోట్ల ఎకరాల భూమి. ఫ్రేజర్ లోయ ముక్కకు సర్కారు పెట్టిన ఖర్చు ఇందులో లేదు, రెండు మొత్తాల కాలమూ ఒకటి కాదు. అయినా ఒక చేత్తో కంపెనీకి ఇచ్చిన నగదుకు దగ్గరి మొత్తాన్ని రెండో చేత్తో కూలీల జాతి నుంచి రాబట్టిందన్న మాట మాత్రం నిలుస్తుంది.

అసలు నష్టం డాలర్లలో కనిపించదు, జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. ఒక్క తలకే 500 అయితే భార్యను ఎవడు తెచ్చుకోగలడు? 1911లో కెనడాలో చైనీయులు 27,831 మంది. ప్రతి 100 మంది ఆడవాళ్ళకు మగవాళ్ళు 2,790. పెళ్ళికి ఊరెళ్ళి, కొన్ని నెలలుండి, అనుమతి గడువు దాటకుండా తిరిగి రావడమే సంసారమైంది.

1923లో పన్ను తీసేసి, తలుపే మూసేశారు. చైనా వలస చట్టం జులై 1న అమల్లోకి వచ్చింది. అది కెనడా జాతీయ దినం. చైనీయులు దాన్ని అవమాన దినమని పిలిచి, ఆ రోజు దుకాణాలు కట్టేసేవారు. దౌత్యాధికారులు, వ్యాపారులు, విద్యార్థులు, కెనడాలో పుట్టినవారు తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. ఆ చట్టం ఉన్న 24 ఏళ్ళలో వచ్చినవారు 50 మంది లోపే. 1931లో 46,519గా ఉన్న చైనీయుల సంఖ్య 1951కి 32,528కి పడిపోయింది. ముసలివాళ్ళు చనిపోతున్నారు, ఇళ్ళలో పిల్లలు పుట్టడం లేదు. ఎముకలను స్వగ్రామానికి పంపే ఆచారం కూడా 1937లో చైనా మీద జపాన్ యుద్ధంతో ఆగిపోయింది. విక్టోరియాలో పోగుపడ్డ ఎముకల పెట్టెలను 1961లో హార్లింగ్ పాయింట్ శ్మశానంలోనే పూడ్చారు.

ఓటు హక్కు లేకపోయినా రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 600 మంది చైనా కెనడియన్లు సైన్యంలో చేరారు. 1947 మేలో 1923 నాటి వలస చట్టం రద్దయింది. బ్రిటిష్ కొలంబియాలో చైనీయులకూ భారతీయులకూ ఓటు వచ్చింది అదే ఏడాది. మన సంగతి వేరుగా ఏమీ లేదు. దారిలో ఆగకుండా రావాలన్న 1908 నిబంధన భారతీయులను ఆపడానికి పుట్టిందే. 1914లో 376 మందితో వాంకూవర్ రేవుకు వచ్చిన కోమగాట మారు ఓడను అదే సాకుతో వెనక్కి పంపారు. 1951లో భారతదేశానికిచ్చిన కోటా ఏడాదికి 150 మంది. జాతిని పక్కనపెట్టి చదువుకూ నైపుణ్యానికీ పాయింట్లిచ్చే పద్ధతి 1967లోగానీ రాలేదు. హైదరాబాదులో, విజయవాడలో కూర్చుని మన పిల్లలు ఇవాళ కూడి చూసుకుంటున్న పాయింట్లు ఆ పద్ధతి సంతానమే.

తలపన్నుకు పరిహారం అడగడం 1980లలో మొదలైంది. దాదాపు 4,000 మంది తరఫున సంఘాలు అర్జీలు సేకరించాయి. కోర్టులో కేసు వేస్తే 2002లో ఒంటారియో అప్పీలు కోర్టు కొట్టేసింది. 2006 జూన్ 22న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, ఒక ముక్క కాంటనీస్‌లో కూడా. బతికున్న పన్నుదారులకూ, చనిపోయినవారి జీవిత భాగస్వాములకూ 20 వేల డాలర్ల చొప్పున ప్రకటించారు. అప్పటికి పన్ను కట్టినవారిలో మిగిలింది సుమారు 20 మంది. భాగస్వాములతో కలిపి డబ్బు అందుకున్నవారు 800 లోపే. అంటే పంచింది 1.6 కోట్లు దాటదు. తీసుకున్న 2.3 కోట్లకు వడ్డీ మాట అటుంచి, అసలే తిరిగి రాలేదు. తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లలకు ఏమీ దక్కలేదు. క్షమాపణ నిజమే కావచ్చు, ఆలస్యం మాత్రం ఖజానాకు కలిసొచ్చింది.

వాంకూవర్ చైనాటౌన్‌లో 1889 నాటి వింగ్ సాంగ్ భవనంలో 2023 జులై 1న, మూసివేత చట్టానికి సరిగ్గా నూరేళ్ళకు, చైనీస్ కెనడియన్ మ్యూజియం తెరిచారు. ఆ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్ళు పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళి చూడండి.