మా తర్వాత ఈ బిడ్డకెవరు దిక్కు?

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో ఒక ఇంటిని ఊహించుకుందాం. చుట్టూ అడవి, చేతిలో కాస్త పోడు భూమి, ఇంట్లో పాతికేళ్ల కూతురు. ఆమె మానసిక దివ్యాంగురాలు. మాటలు రావు. ఆకలైతే ఖాళీ కంచం తెచ్చి తల్లి ముందు పెడుతుంది. తల్లిదండ్రులకు వయసు మీద పడుతోంది. పగలు పనుల్లో మరిచిపోయినా, రాత్రి నడుం వాల్చగానే ఒకటే దిగులు: మేం పోయినంక ఈ బిడ్డకెవరు దిక్కు?

‘అన్న ఉన్నాడు కదా, చూసుకుంటాడు’ అంటారు చుట్టాలు. అన్న మంచివాడే కావచ్చు. కానీ చెల్లెలి కోసమని డబ్బు అన్న పేరున వేస్తే అది కాగితం మీద అన్న ఆస్తే. అతడు అప్పుల్లో పడితే అప్పులవాళ్లు దాని మీదికి వస్తారు. అతడికేమైనా అయితే అతడి వారసులకు పోతుంది. పోనీ నేరుగా బిడ్డ పేరునే పెడదామంటే, ఆమె వేలిముద్ర ఎవరు ఏ కాగితం మీద వేయించుకుంటారోనని భయం.

ఈ రెంటికీ నడిమి దారి ట్రస్టు. గుడి ధర్మకర్త దేవుడి మాన్యాన్ని కనిపెట్టుకుని ఉంటాడు. పంట లెక్క చూస్తాడు, దీపధూపాలకు ఖర్చు పెడతాడు. అయినా ఆ మాన్యం ఆయనది కాదు. కుటుంబ ట్రస్టు కూడా అంతే. తండ్రి సొమ్ము అప్పగిస్తాడు, అన్నో మేనమామో ట్రస్టీగా దాన్ని చూస్తాడు, ఫలం మాత్రం బిడ్డది. ట్రస్టు సొమ్మును ట్రస్టీ సొంత లాభానికి వాడుకోకూడదని 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ కచ్చితంగా చెబుతోంది. దివ్యాంగుల కుటుంబాలు పెట్టుకునే ప్రైవేటు ట్రస్టులకు ఇప్పటికీ ఆధారం ఆ చట్టమే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ‘స్పెషల్ నీడ్స్ ట్రస్ట్’ పరిచయమైన పేరే. అక్కడ దాని అవసరం కొంత వేరు. ఎస్‌ఎస్‌ఐ అనే ప్రభుత్వ సాయం అందాలంటే ఒక వ్యక్తి పేరున లెక్కకు వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. అందుకే తల్లిదండ్రులు ఇచ్చేది బిడ్డ పేరున కాకుండా ట్రస్టులో ఉంచుతారు. మన దగ్గర అసలు దిగులు సొమ్మును నిజాయితీగా చూసే మనిషి గురించే.

ట్రస్టు డీడ్‌లో ఏం రాయాలన్నది కీలకం. తిండి, బట్టలు, మందులు, చూసుకునే మనిషి జీతం... ఖర్చు దేనికో పేరుపేరునా రాయాలి. ఒక్కరికి బదులు ఇద్దరు ట్రస్టీలుంటే మేలు. ఒకరు తప్పుకుంటే తర్వాత ఎవరో, ఏటా లెక్కలు ఎవరికి చూపాలో కూడా ఉండాలి. బిడ్డ కాలం తర్వాత మిగిలింది ఎవరికన్నది మరీ ముఖ్యం. మిగిలిందంతా ట్రస్టీకే అని రాస్తే, ఖర్చు దగ్గర చెయ్యి బిగపట్టే ఆశ ఎవరికైనా పుట్టవచ్చు.

భూమి, ఇల్లు ట్రస్టులో పెట్టాలంటే రాసిన పత్రం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేదా వీలునామా ద్వారా పెట్టాలి. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. బతికుండగా చిన్న మొత్తంతో ట్రస్టు మొదలుపెట్టి, మిగతా ఆస్తి తమ తర్వాత అందులో చేరేలా వీలునామా రాసుకోవచ్చు. భూపాలపల్లిలో రిటైర్మెంట్ డబ్బు ఒక్కసారిగా చేతికొచ్చే సింగరేణి కార్మికుడి కుటుంబానికి ఇది బాగా పనికొచ్చే దారి.

గంగారంలో మాత్రం ఇంకో చిక్కుంది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు దక్కుతుంది గానీ, దాన్ని అమ్మడానికి, ఇతరులకు బదలాయించడానికి వీల్లేదు. కాబట్టి ఆ భూమిని ట్రస్టు కింద పెట్టలేరు. ఏజెన్సీలోని మిగతా భూమికి 1/70 చట్టం అడ్డు ఉంటుంది. గిరిజనుల భూమి గిరిజనేతరుడైన ట్రస్టీ పేరున మారదు. ఇలాంటి ఇంటికి ట్రస్టులో పెట్టడానికి మిగిలేది బ్యాంకులో దాచుకున్న డబ్బు, బీమా సొమ్మే.

పెట్టడానికి పెద్దగా ఏమీ లేని ఇల్లు కూడా చేయాల్సిన పనులున్నాయి. మొదటిది వైకల్య ధ్రువపత్రం, జనం నోట సదరం సర్టిఫికెట్. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 జులై నుంచి నెలకు 4,016 రూపాయలు. అది రావాలన్నా ఈ కాగితం కావాలి.

రెండోది సంరక్షకుడి నియామకం. చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. బిడ్డకు 18 ఏళ్లు నిండగానే చట్టం దృష్టిలో కన్నవాళ్లు కూడా సంరక్షకులు కారు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లాలో కలెక్టర్ నాయకత్వాన ఒక స్థానిక కమిటీ ఉంటుంది. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ వ్యక్తి అందులో సభ్యులు. తల్లిదండ్రులో బంధువులో దరఖాస్తు చేస్తే కమిటీ సంరక్షకుడిని నియమిస్తుంది. ఆయన ఆరు నెలల్లోగా బిడ్డ ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, సొమ్ము కాజేసినా తొలగించవచ్చు. పోడు భూమి రేపు బిడ్డకు వారసత్వంగా వచ్చినప్పుడు దాన్ని కాపాడేది ఈ ఏర్పాటే. ఇదే నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ పేరుతో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా కూడా ఇస్తోంది.

ఈ పనులన్నింటికీ ఆఫీసులున్నాయి, ఫారాలున్నాయి. ఏ ఆఫీసూ రాసిపెట్టలేనిది ఒకటుంది: బిడ్డ గురించి తల్లికి తెలిసినదంతా. ఫిట్స్ మాత్ర ఏ వేళకు వేయాలి, ఏ చప్పుడుకు బెదురుతుంది, ఎవరు తల దువ్వితే కుదురుగా కూర్చుంటుంది. దీన్ని ఒక నోటుపుస్తకంలో రాసి, ట్రస్టు కాగితాలతో పాటే ఉంచాలి. చట్టం దీన్ని అడగదు. కానీ రేపు బిడ్డ చెయ్యి పట్టుకునే మనిషి ముందుగా వెతుక్కునేది దీన్నే.

గంగారంలోని మన ఊహల ఇంట్లో తల్లి చెబుతుంటే కొడుకు రాస్తున్నాడు. ఖాళీ కంచం తెస్తే ఆకలి అని అతడికి తెలుసు, అడగకుండానే రాసేశాడు. తల్లి ఆపింది. కంచం బోర్లించి పెడితే ఆకలి కాదురా, ఒక్కతే తినలేక నిన్ను పక్కన కూర్చోమంటోంది, అది కూడా రాయి అంది.